జోగే వాళ్ళమ్మ

1992 జూన్ 14, ఆదివారం

బజార్లో రామనర్సయ్య ఎదురుపడి, "ఏంది భూషణం, మస్తు బక్కపడ్డవు" అన్నాడు. నా మీద జాలిపడే అవకాశం ఇరవైమూడేళ్ళలో ఒక్కటి కూడా వదులుకోలేదు ఈ మనిషి. ఇనుపగనిలో ఉన్నప్పుడు ఫ్యూజులు మార్చేవాడు. రిటైరయ్యాక లోకం మొత్తానికి ఫ్యూజులు మారుస్తానని తిరుగుతున్నాడు. నా దగ్గర పట్టుకుపోయిన పుస్తకాలు గ్రీజు మరకలతో తిరిగొచ్చేవి, అదీ వస్తే. చదవకుండా మరకలెలా చేశాడో అర్థం కాదు.

వాన ఇంకా రాలేదు. కొండ మీంచి ఎర్రదుమ్ము దిగుతూనే ఉంది. మా పనిమనిషి జోగే పొద్దున వాకిలి ఊడుస్తూ దగ్గు ఆగక, చీపురు పట్టుకునే కూలబడింది. మనవరాలు నందే వచ్చి చీపురు లాక్కుని మిగతాది ఊడ్చింది. "చాలు తియ్, యాయో" అంది జోగే. వాళ్ళ ఆదివాసీ భాషలో యాయో అంటే అమ్మ. మనం ఆడపిల్లల్ని అమ్మా అని పిలిచినట్టే కాబోలు.

జూన్ 17

సారలమ్మ నా మాత్రలు తెచ్చింది. రామనర్సయ్య కూతురు, గని ఆస్పత్రిలో నర్సు. ఆ తండ్రికి ఈ పిల్ల ఎలా వచ్చిందా అనుకుంటాను. ఎలా వచ్చిందో నాకు తెలుసు, అది వేరే సంగతి.

"బాబాయ్, జోగే ఛాతీ ఫొటో తీపించిన. ఊపిరితిత్తులు రెండు పక్కలా పోయినయ్."

"మందులున్నాయి కదా?"

"ఉన్నయ్. రెండేళ్ళ కింద మొదలుపెట్టాల్సినవి." నా మాత్రలు బల్ల మీద పెట్టి, "ఆ పిల్ల సంగతి ఏంది మరి?" అంది.

"నన్నెందుకు అడుగుతావు?"

"పొద్దంతా మీ ఇంట్లనే ఉంటది. ఇంకెవర్ని అడగాలె?"

నందే తల్లి లోడింగు కూలీ, రెండేళ్ళ కింద జ్వరంతో పోయింది. తండ్రి, అంటే జోగే కొడుకు, మిరపకాయలు ఏరడానికి ఖమ్మం వైపు వెళ్ళి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. గొల్లపల్లిలో జోగే తమ్ముడి కొడుకు సోమారు ఉన్నాడు. రెండెకరాలు, నలుగురు పిల్లలు. ఇదంతా సారలమ్మ నాకు చెప్పాల్సిన పని లేదు. చెప్పింది.

జూన్ 18

ఆ పిల్ల నా బాధ్యత కాదు.

జూన్ 19

కాదు.

జూన్ 23

మొదటి వాన. వాగులో నీళ్ళు ఎర్రగా దిగాయి.

ఒక సంగతి రాసిపెట్టాలి. రేపు నేను పోయాక రామనర్సయ్య తన కథ చెబుతాడు, అదే నిజమైపోతుంది. 1969లో ఒక కూలీ మనిషి ఆస్పత్రిలో బిడ్డను కని చనిపోయింది. ఎవరూ రాలేదు. నా భార్య బుల్లమ్మ రోజూ పాలసీసా పట్టుకుని వెళ్ళేది. పెళ్ళయి పదకొండేళ్ళు, మాకు పిల్లలు లేరు. తెచ్చుకుందామంది. నేను ఆలోచించాను. రేకుల షెడ్డులో కాపురం, మలేరియా కాలం, నేను రోజంతా సర్వే పని మీద కొండల్లో ఉంటాను. అటువంటి పరిస్థితిలో ఒక పసికందును తెచ్చుకోవడం బాధ్యత గల పని కాదని నచ్చజెప్పాను. బుల్లమ్మ అర్థం చేసుకుంది. ఎనిమిదోనాడు రామనర్సయ్య పోయి ఆ బిడ్డను ఎత్తుకొచ్చాడు. వాళ్ళకు అప్పటికే ఇద్దరు కొడుకులు! మా వీధిలోనే, మా గుమ్మానికి ఎదురుగా ఉయ్యాల కట్టాడు. దాన్ని ఔదార్యం అంటారు లోకంలో. పక్కవాడి గాయం మీద కట్టిన ఉయ్యాల అంటాను నేను.

బుల్లమ్మ పోయి మూడేళ్ళు.

నందేను నేను తెచ్చుకుంటే ఎలా ఉంటుంది? ఊరికే రాస్తున్నాను. నేను చదివిన నవలల్లో అనాథలంతా కృతజ్ఞతతో కుమిలిపోతారు, లేకపోతే చివర్లో పెద్ద వారసులని తేలుతుంది. నందే మొన్న నా కళ్ళజోడు పెట్టుకుని, నా కుర్చీలో కూచుని, వార్తాపత్రిక తలకిందులుగా పట్టుకుని, "ఏందిది, అంతా అబద్ధం" అంది. అచ్చం నా గొంతే. కృతజ్ఞత జాడ ఎక్కడా కనిపించలేదు.

రామనర్సయ్య ముఖం ఎలా ఉంటుందో చూడాలని మాత్రం ఉంది.

జూలై 1

నందేను బడిలో చేర్పించాను. ఏడేళ్ళంది జోగే, రాశాను. ఫారంలో పేరు దగ్గర బుల్లమ్మ అని రాశాను.

ముందుగా అనుకుని చేసింది కాదు. కలం అలా వెళ్ళింది. అయినా నందే అనే పేరుతో టౌన్‌షిప్ బడిలో పిల్లలు ఏడిపిస్తారు. బుల్లమ్మ మంచి పేరు, ఎవరూ వాడకుండా పడి ఉంది. నలభై ఏళ్ళ కింద ఈ కొండలకు సర్వే గొలుసు లాగినప్పుడు మేమూ అదే చేశాం. ప్రతి గుట్టకూ ఇక్కడివాళ్ళకొక పేరుంది, దేవుడున్నాడు, కథుంది. పటంలో అవన్నీ పట్టవు. నంబర్లు వేశాం. పని జరిగింది.

జూలై 4

పిలిస్తే పలకడం లేదు.

"బుల్లమ్మా!"

గోడ మీద చీమల్ని చూస్తోంది.

"నిన్నే."

"నేను నందే."

"బళ్ళో బుల్లమ్మ."

"మరి నువ్వు బళ్ళో ఎవరు?"

నవ్వొచ్చింది, చూపించలేదు.

జూలై 9

జగదల్‌పూర్ వెళ్ళి వకీలును కలిశాను. దత్తత చట్టం ఆదివాసులకు వర్తించదట. వాళ్ళ ఆచారం ప్రకారం పెద్దలు ఒప్పుకుని, కాగితం మీద వేలిముద్రలు వేస్తే చాలావరకు నిలుస్తుందట. అంటే జోగే, సోమారు వేయాలి. "ఈ వయసులో మీకెందుకు సాబ్ ఈ తలనొప్పి?" అన్నాడు. అతనికి తలనొప్పులే జీవనాధారం. ఆ మాట మొహం మీదే అన్నాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో, ఆ పిల్లకు పదిహేను వచ్చేసరికి నాకు డెబ్బై అని లెక్కేసుకున్నాను. పెద్ద వయసేం కాదు. మా నాన్న డెబ్బైరెండు బతికాడు, చివరి నాలుగేళ్ళు మంచం మీద. ఆ నాలుగేళ్ళూ తుడిచింది బుల్లమ్మ.

జూలై 14

జోగే వచ్చింది. పనికి కాదు. అసలు పదిరోజులుగా పని చేసే స్థితిలో లేదు. గుమ్మం బయట కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు.

"సారూ, పిల్ల పేరు మార్చినవంట."

"బడి కోసం. ఇంట్లో నీ ఇష్టం వచ్చినట్టు పిలుచుకో."

"అది నేను పెట్టిన పేరు కాదు. అది మా అమ్మ."

నాకు అర్థం కాలేదు. దగ్గుకీ దగ్గుకీ మధ్య ఆమె చెప్పింది ఇదీ: పుట్టిన మూడురోజులు పిల్ల పాలు ముట్టలేదు. చెంబులో నీళ్ళు పోసి, చచ్చిపోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చెబుతూ బియ్యపుగింజలు వదిలారు. జోగే తల్లి నందే పేరు చెప్పినప్పుడు గింజా గింజా అతుక్కున్నాయి. ఆ పేరుతో పిలిచారు. పిల్ల రొమ్ము పట్టింది.

"మా అమ్మను ఎలుగుబంటి పీకింది, ఈడ." తన ఎడమ భుజం వెనక చూపించింది. "పిల్లకు ఈడనే మచ్చ ఉన్నది. నువ్వు చూళ్ళేదా? రోజూ నీ ఇంట్ల తిరుగుతది."

చూశాను. పుట్టుమచ్చ అనుకున్నాను. పుట్టుమచ్చే.

"జోగే, చచ్చిపోయినవాళ్ళు రారు."

"నీకు రారేమో." కోపంగా అనలేదు. "మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది సారూ. ముసలిదాన్నైనంక దొరికింది. దాని జుట్టు దువ్విన, ముక్కు తుడిచిన. ఇప్పుడు నువ్వు పేరు తీసేస్తే ఆమె ఏడ ఉండాలె?"

నాకు తెలిసిందంతా చెప్పాను. పేరన్నది పిలుపుకోసమేనని, పిల్లకు చదువు, మంచి తిండి, ఇల్లు... చాలాసేపు చెప్పాను. బాగానే చెప్పాను.

అంతా విని, "మీ ఇంటామె పేరు పెట్టినవంట కదా. ఆమెను అడిగినవా, ఈడకు మళ్ళ వస్తదో రాదో?" అంది.

లేచి, గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయింది. వీధి మలుపు దాకా పది నిమిషాలు పట్టింది. నేను కుర్చీలోంచి చూస్తూనే ఉన్నాను.

జూలై 15

మూఢనమ్మకం.

జూలై 21

జోగేను ఆస్పత్రిలో చేర్చారు. నందే రాత్రిళ్ళు సారలమ్మ దగ్గర పడుకుని, పగలు నా దగ్గర ఉంటోంది. అంటే సగం రామనర్సయ్య ఇంట్లో. అతను ఆ పిల్లకు చెక్కబండి చేసిచ్చాడు. చక్రాలు తిన్నగా లేవు.

సాయంత్రం సారలమ్మ వచ్చినప్పుడు పేరు గొడవ చెప్పాను. నా పక్షాన మాట్లాడుతుందనుకున్నాను.

"నీకు మీ నాన్న పెట్టిన పేరేగా? ఏం నష్టం జరిగింది?"

"ఏం నష్టం లేదు బాబాయ్. మంచిగనే పెంచిండ్రు. అన్నలకంటే ఎక్కువనే పెట్టిండ్రు." స్టవ్ మీద టీ పొంగుతుంటే దించింది. "నౌకరీల చేరినంక పాత రిజిస్టర్లు తీసి చూసిన. నేను పుట్టిన రోజుది దొరికింది. మా అమ్మ పేరు రాసేకాడ 'ఔరత్ మజ్‌దూర్' అని ఉంది, ఆడకూలీ అని. గంతే. ఒక్క పేరు అడిగి రాసినా అయిపోయేది. ఇప్పుడు మా ఆస్పత్రికి కూలీలు ఎవరొచ్చినా ముందు పేరు అడుగుత. నాకదొక పిచ్చి అంటరు."

టీగ్లాసు నా ముందు పెడుతూ అంది:

"నన్ను మొదలు మీరే వద్దన్నరంట కదా."

"ఎవరు చెప్పారు? మీ నాన్నా?"

"నాయన ఎన్నడూ మీ పేరు ఎత్తలేదు. పిన్నే చెప్పింది, పోయేముందు. నేనే సూది వేస్తున్న అప్పుడు. నా చెయ్యి పట్టుకుని చెప్పింది."

"అప్పటి పరిస్థితులు వేరు."

"అడవిల దొరికినదాన్ని ఇంట్ల కట్టెయ్యలేను అన్నరంట."

టీ తాగాను. చక్కెర ఎక్కువేసింది.

అన్నాను. ఆ మాటే అన్నాను. పశువులకు వాడే మాట. బుల్లమ్మ పాలసీసా కడుగుతూ విని, కడగడం పూర్తిచేసి, ఆరబెట్టింది. మర్నాటినుంచి వెళ్ళలేదు. అర్థం చేసుకుందని కదా పైన రాశాను.

ఆగస్టు 3

బడికి వెళ్ళి పేరు మార్పించాను. గుమాస్తా కారణం అడిగితే పొరపాటున రాశానన్నాను. నలభై ఏళ్ళు పటాలు గీసినవాణ్ణి, నేను పొరపాటున రాయను, అయినా అలాగే చెప్పాను. కొట్టివేసి, పైన నందే అని రాసి, పక్కన సంతకం చేశాను.

ఆస్పత్రికెళ్ళి జోగేకు చెప్పాను. మాట రావడం లేదు. కళ్ళతో పిల్లను చూపించి, బొటనవేలు ఎత్తింది. వేలిముద్రకు సిరా తెచ్చానా అని. తేలేదు. నవ్వింది. ఆ డెబ్బైమంది పేషెంట్ల వార్డులో నన్ను చూసి నవ్విన మొదటి మనిషి.

ఆగస్టు 19

జోగే నిన్న పోయింది.

సోమారు వచ్చాడు. సన్నటి మనిషి, మాట్లాడేటప్పుడు నేల చూస్తాడు. చేయాల్సినవన్నీ వాళ్ళే చేసుకున్నారు. నేను దూరంగా గొడుగు పట్టుకుని నిలబడ్డాను. రామనర్సయ్య వాళ్ళతో కలిసి కట్టెలు మోశాడు. అరవైనాలుగేళ్ళవాడు! మోయకపోతే ఏం? ఎవరు చూడాలని?

నన్ను చూసి వచ్చి గొడుగు కింద నిలబడ్డాడు.

నందే ఏడవలేదు. చాలా శ్రద్ధగా అన్నీ చూసింది.

సోమారు నా దగ్గరకొచ్చి అన్నాడు: "పిల్లను ఉంచుకుంటే ఉంచుకోండి సారూ. చదువుకుంటది. మా ఇంటిదానికి ఏడో నెల. ఆడ తిండి కూడ సరిగ లేదు. నేను వేలు వేస్త."

27న వకీలు దగ్గరికి వెళ్దామన్నాను.

ఆగస్టు 22

మంచం చేయించాను. సాల్ కర్రతో. వడ్రంగి పొట్టిగా చేస్తానంటే, పెరుగుతుంది కదా అని పూర్తి మంచం చేయమన్నాను.

ఆగస్టు 24

నందే నా పక్కన కూచుని, పలక మీద తన పేరు రాసింది. హిందీలో. తర్వాత తెలుగులో నేర్పించాను. "జోగే ఎట్ల రాస్తరు?" అంది. నేర్పించాను. "నీది?" అంది. నేర్పించాను. మూడు పేర్లూ ఒకదాని కింద ఒకటి రాసి, చేత్తో తుడిచేసి, మళ్ళీ రాసింది.

సంతోషం అనే మాట ఈ డైరీలో ఎక్కడైనా వాడానేమోనని వెనక్కి తిరగేశాను. లేదు. ఇవాళ కూడా వాడను.

ఆగస్టు 28

నందేను సోమారుతో పంపించేశాను.

బాగా ఆలోచించి తీసుకున్న నిర్ణయం. నాకు అరవైరెండు దాటాయి. గుండె సరిగా లేదు. నేను మంచాన పడితే ఆ పసిపిల్ల నన్ను తుడవాలి. అందుకోసం ఒక మనిషిని తెచ్చుకోవడం దత్తత కాదు, జీతంలేని పనిమనిషిని పెట్టుకోవడం. పైగా ఆ పిల్లకు తన భాష ఉంది, తన మనుషులున్నారు. మనిషికి పేరు మార్చి, కొండకు నంబరు వేసి మనం చేసిన నాగరికత చాలు. దత్తత అందరికీ సరిపోదు. నాకు సరిపోదని గ్రహించడానికి రెండున్నర నెలలు పట్టింది, గ్రహించాను. మనిషి తన పరిమితి తెలుసుకోవడమే వివేకం. సోమారు చేతిలో ఆ పిల్ల చెయ్యి పెట్టి, మంచిగా చూసుకోమని చెప్పాను. ఇద్దరూ నమస్కారం పెట్టారు.

ఆగస్టు 29

సరైన పనే చేశాను.

ఆగస్టు 30

వాన.

సెప్టెంబరు 2

సారలమ్మ మాత్రలు తెచ్చి, మంచం చూసి, దాని మీద కూర్చుంది.

"బాబాయ్, మీరు పంపించిండ్రా, ఆ పిల్లే పోయిందా?"

"నేనే పంపించాను."

తల ఊపింది. ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

నేనొక్కణ్ణే చదివే పుస్తకంలో కూడా అబద్ధం రాశాను. ఎవరి కోసం?

27 పొద్దున నేను ఉతికిన చొక్కా వేసుకుని, కాగితాలు సంచిలో పెట్టుకుని బస్టాండులో ఉన్నాను. సోమారు వచ్చాడు. వెనక నందే వచ్చింది, గుడ్డమూట నెత్తిన పెట్టుకుని.

"మూటెందుకే?" అన్నాను.

"ఊరికి పోతున్న."

సోమారే ఆశ్చర్యపోయాడు. "ఏంది పిల్లా, నువ్వు ఈడ ఉండేదానివి. తాత బడికి పంపుతడు."

"అత్త కడుపుల బిడ్డ ఉన్నది కదా మామా. జోగే అవ్వ వస్తది. నేను లేకుంటే అవ్వను ఎవరు గుర్తుపడతరు?"

"మీ అత్త చూస్తదిలే."

"అత్త అవ్వను రెండుసార్లే చూసింది. అత్తకేం తెలుసు?"

నేను నేలమీద కూర్చున్నాను, ఆ పిల్ల ఎత్తుకు. బిడ్డ పుట్టిన రోజు ఇద్దరం కలిసి వెళ్ళి చూసొద్దామన్నాను. బస్సులో, కిటికీ పక్కన సీటు.

"ఒక్కరోజు చూస్తే తెల్వదు తాతా. పాలు తాగేటప్పుడు చూడాలె. ఏడ్చేటప్పుడు చూడాలె. దగ్గుతదేమో చూడాలె."

"అవ్వ కాకుండా ఇంకెవరో పుడితే?"

"ఇంకోసారి చూస్త."

నమ్మకం తప్పని చెప్పడానికి నేను చదివిన పుస్తకాలన్నీ నా వెనక నిలబడి ఉన్నాయి. ఒక్కటీ నోరు విప్పలేదు. నేను మాత్రం విప్పాను. పోవద్దన్నాను. మంచం చేయించానన్నాను. నాకెవరూ లేరన్నాను. మూట పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నాను, సోమారు వచ్చి నా వేళ్ళు ఒక్కొక్కటీ మెల్లగా విప్పాడు. "సారూ, పిల్ల భయపడతది" అన్నాడు. భయపడింది నిజమే. బస్టాండంతా చూసింది.

ఎవరూ నమస్కారాలు పెట్టలేదు.

గొల్లపల్లి వైపు పోయే సుక్మా బస్సు వచ్చింది. ఎక్కారు. కిటికీలోంచి నందే తల బయట పెట్టింది. భయం పోయినట్టుంది. ఏదో జ్ఞాపకమొచ్చినదానిలా అడిగింది:

"తాతా, మీ ముసలమ్మ మళ్ళ ఏడ పుట్టింది?"

"తెలియదు."

"నువ్వు పోయి చూడలేదా?"

బస్సు కదిలింది. చూడలేదని చెప్పడానికి ఆ కిటికీ పక్కనే కొంతదూరం పరిగెత్తాను.